వెలివేశారని విని వచ్చినవాడు

అందరికీ వందనాలు. నేను పాస్టర్‌ని కాదు, సంఘంలో దెబ్బతిన్న మామూలు విశ్వాసిని. నాకు జరిగింది ముందు చెప్పేస్తాను, ఇక్కడ కూర్చున్న కొందరు పడినదాని ముందు అది చాలా చిన్నది.

కానుకల లెక్క సంఘం ముందు చదివితే బాగుంటుందని పెద్దల కూటంలో అడిగాను. అంతే. తర్వాతి ఆదివారం వాక్యం కోరహు మీద, సంఖ్యాకాండం 16వ అధ్యాయం, నాయకుడైన మోషే మీద తిరగబడినవాళ్లను భూమి నోరు తెరిచి మింగేసిన సంగతి. నా పేరు ఎత్తలేదు, కానీ ముందు వరుసల్లో తలలు వెనక్కి తిరిగాయి. ఆ వారం నుంచి ఫోన్లు ఆగిపోయాయి, పదకొండేళ్లు పక్కన నిలబడి పాడినవాళ్లు ఎదురుపడితే తల వంచుకుని వెళ్లిపోయారు.

'మనుషుల్ని చూడకు, దేవుణ్ణి చూడు' అని చాలామంది అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, కానీ నాకు దేవుడి గురించి చెప్పింది ఆ మనుషులే కదా! బైబిలు తెరిస్తే ప్రతి వచనం మా పాస్టర్ గొంతులోనే వినిపించేది. దాదాపు రెండేళ్లు తెరవలేదు. విశ్వాసం పోయిందనే అనుకున్నాను.

మళ్లీ తెరిచాక నన్ను పట్టుకున్నది యోహాను సువార్త 9వ అధ్యాయం. పుట్టుగుడ్డివాడికి చూపు వచ్చిన సంగతి అందరికీ తెలుసు, కానీ మనం విన్న ప్రసంగాలు చాలావరకు అతను కళ్లు కడుక్కున్న సిలోయము కోనేటి దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత మతపెద్దలైన పరిసయ్యులు అతణ్ణి పిలిచి మళ్లీ మళ్లీ విచారిస్తారు, కన్నవాళ్లు కూడా సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయంతో 'వాడికి వయసొచ్చింది, వాణ్ణే అడగండి' అని తప్పుకుంటారు, చివరికి 'నువ్వా మాకు బోధించేది' అని బయటికి తోసేస్తారు. 35వ వచనం చూడండి. వెలివేశారని యేసు విన్నాడు, అతణ్ణి కనుగొన్నాడు. తోసేసినవాళ్ల దగ్గర అనుమతి తీసుకుని కాదు. అధ్యాయాల అంకెలు 13వ శతాబ్దంలో పెట్టినవి, వాటిని పక్కనపెట్టి ఆపకుండా చదువుకుంటూ పోతే వెంటనే వచ్చేది మంచి కాపరి మాట, తోడేలును చూసి పారిపోయే జీతగాడి మాట. అవి ఎవరి ముందు, ఎవరిని మనసులో పెట్టుకుని చెప్పాడో నాకు అప్పుడే అర్థమైంది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

మనల్ని నోరు మూయించడానికి వాడే వచనం ఒకటుంది, అభిషిక్తులను, అంటే దేవుడు ఏర్పరచుకున్నవాళ్లను, ముట్టకూడదు అని. 105వ కీర్తనలో అది ఎవరి గురించో చూడండి, కొద్దిమందిగా, పరాయివాళ్లుగా దేశాలు తిరుగుతున్న పితరుల జోలికి రావద్దని దేవుడు రాజులతో అన్న మాట. బలం లేనివాళ్ల కోసం చెప్పిన మాటను బలమున్నవాళ్లకు గోడగా కట్టారు. పెద్దల పాపం సాక్షులతో తేలితే అందరి ముందూ గద్దించమని తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. పెత్తనం కోసం మనుషుల్ని సంఘం నుంచి వెలివేస్తున్న దియొత్రెఫే పేరును యోహాను దాచకుండా రాశాడు.

పిల్లల మీద, ఆడవాళ్ల మీద అఘాయిత్యం జరిగితే అది ప్రార్థన చేసి సర్దుకునే విషయం కానే కాదు, పోలీసుల దగ్గరికి వెళ్లాల్సిన నేరం. అమెరికాలోని బోస్టన్‌లో ఆరోపణలున్న కేథలిక్ ఫాదర్లను ఏళ్ల తరబడి ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ వచ్చారని 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టేదాకా, లోలోపల సర్దుకోవడం వల్ల ఎంతమంది పిల్లలు నలిగిపోయారో లోకానికి తెలియలేదు.

మరి క్షమించడం? ఆలస్యం చేస్తే నీ ఆత్మకే ప్రమాదం అని నన్ను తొందరపెట్టారు. నేను యోసేపును చూసుకుంటాను. తనను అమ్మేసిన అన్నలు కరువులో ధాన్యం కోసం వస్తే చూడగానే గుర్తుపట్టాడు, తాను ఎవరో మాత్రం చెప్పలేదు. ధాన్యం ఇచ్చాడు, పక్కకు వెళ్లి ఏడ్చాడు, వాళ్లలో షిమ్యోనును ఆపుకున్నాడు, తమ్ముడు బెన్యామీనుకు బదులు నేను దాసుడిగా ఉంటానని ఇంకో అన్న యూదా ముందుకొచ్చేదాకా ఆగాడు. కడుపు నింపడం మొదటి రోజే, నమ్మడం మాత్రం వాళ్లు మారారని చూశాకే. నేను వాళ్ల చెడు కోరుకోవడం మానేశాను, అదీ కొన్ని రోజులు కుదరదు, కానీ ఆ చేతుల్లో నా ఆత్మను మళ్లీ పెట్టను.

ప్రార్థన రానివాళ్లు 88వ కీర్తన చదవండి. చివరి మాట చీకటే. స్తుతితో ముగించలేని మనిషి ప్రార్థన కూడా లేఖనాల్లో ఉందని తెలిసిన రోజు నాకు ఊపిరి ఆడింది.

ఒక అక్క మా ఇంటికి వచ్చేది. వాక్యం చెప్పేది కాదు, మళ్లీ రమ్మనేది కాదు, ఊరికే కూర్చునేది. కష్టాల్లో ఉన్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు చేసిన మంచి పని కూడా ఆ ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చోవడమే, నోరు తెరిచాకే పాడుచేశారు.

ఇప్పుడు ఒక చిన్న సహవాసానికి వెళ్తున్నాను. వెనక వరుసలో, తలుపు పక్కన కూర్చుంటాను. మొదట్లో వాక్యం మొదలవగానే చేతులు చెమటలు పట్టేవి, టెన్షన్‌తో లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఎవరూ వెంటపడి ఎందుకు వెళ్లావని అడగలేదు. పోయిన నెల మొదటిసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దాకా ఉన్నాను.