స్విచ్ ఆపితే చాలదు

అందరికీ నమస్కారం. ఇడ్లీలు వచ్చేలోగా ముగించమని మన సెక్రటరీ గారు ముందే చెప్పారు. కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన అపార్ట్‌మెంట్ కట్టి 14 ఏళ్లయింది. బిల్డరు అన్ని బాత్‌రూంలకూ ఒకే రకం ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించాడు. ఇప్పుడవి కూడబలుక్కున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతున్నాయి. పాలిటెక్నిక్‌లో 30 ఏళ్లు కరెంటు పాఠాలు చెప్పిన పాపానికి, లిఫ్టులో కనబడ్డ ప్రతివారూ నన్ను అడిగేది ఒకటే: మనమే మార్చుకోవచ్చా, ఎలక్ట్రీషియన్‌ను పిలవాలా?

దానికంటే ముందు, ఆ ఫ్యాను నిజంగా చచ్చిందా అని చూడండి. కరెంటు పూర్తిగా ఆపి రెక్కను వేలితో తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే దుమ్ము, జుట్టు, సబ్బు ఆవిరి కలిసి ముద్దకట్టి ఉంటాయి. శుభ్రం చేసి, ఇరుసు తిరిగే బుష్ దగ్గర రెండు చుక్కల నూనె వేస్తే మరో రెండేళ్లు నడిచినా నడుస్తుంది. రెక్క తేలిగ్గా తిరుగుతున్నా, స్విచ్ వేస్తే మూలుగుతూ కదలకపోతే, మోటారును మొదట కదిలించే కండెన్సర్‌ను అనుమానించాలి. దానిమీద ఎన్ని మైక్రోఫారడ్లని రాసి ఉందో అంతే ఉన్నది కొని వేయాలి. ఫ్యాను ధరతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకి రాదు. అన్ని ఫ్యాన్లలోనూ కండెన్సర్ ఉండదు, అది వేరే సంగతి. నాలుగో అంతస్తులో ఒకరి ఫ్యానుకు జబ్బేమీ లేదు. బయటి రేకుల మధ్య పావురం గూడు కట్టుకుంది, అంతే.

ఇక మార్చక తప్పదనుకుందాం. మనం మార్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుంది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం చదివితే, దాన్ని రాసినవారు ఇళ్లలో జరిగే పనులు కళ్లారా చూసినవారే అనిపిస్తుంది. దీపాలు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు వంటివాటి స్థానంలో అలాంటివే పెట్టుకోవడానికి అభ్యంతరం లేదు. అయితే దానివల్ల ఆ ఏర్పాటు సామర్థ్యం గానీ, స్వభావం గానీ మారకూడదు. అంతకు మించిన పనంతా లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి. ఆ పాత నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చిన భద్రతా నిబంధనల్లోనూ ఈ మాట ఉండేది, వాటి బదులు 2023లో వచ్చినవాటిలోనూ ఉంది. పాత 6 అంగుళాల ఫ్యాను తీసి, అదే వైరుకు కొత్త 6 అంగుళాల ఫ్యాను కలపడం మన పని. లైటు పాయింటు నుంచి కొత్తగా వైరు లాగడం, గోడకు కన్నం కొట్టడం, గీజరు లైనులోంచి ఫ్యానుకు కరెంటు తీయడం మన పనులు కావు.

ఇప్పుడు నా ఘనకార్యం చెబుతాను. చెప్పేవి శ్రీరంగ నీతులు అని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు.

పోయిన వేసవిలో మా హాలు పక్క బాత్‌రూం ఫ్యాను ఆగిపోయింది. మధ్యాహ్నం పూట మెయిన్ ఆపేసి స్టూలెక్కాను. చచ్చిన ఫ్యానుకు స్విచ్ ఆన్‌లో ఉంటే ఏమిటి, ఆఫ్‌లో ఉంటే ఏమిటి అని దానివైపు చూడనే లేదు. హాల్లో సీలింగ్ ఫ్యాను తిరుగుతూనే ఉంది. మెల్లగా ఆగుతుందిలే అనుకున్నాను. కనెక్టర్ స్క్రూ వదులు చేసి వైరు కొస పట్టుకున్నానో లేదో, మోచేతి దాకా ఒక్క జాడింపు. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉన్నాయి, కింద చెక్క స్టూలు ఉంది, బతికిపోయాను. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ మేలుకొంది. మన ఇళ్లలో లైట్లూ ఫ్యాన్లూ ఇన్వర్టర్ లైను మీదే ఉంటాయి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగడం కోసమే కదా వేలకు వేలు పోసి దాన్ని కొన్నది! నేను మెయిన్ ఆపానో, కరెంటే పోయిందో పాపం దానికేం తెలుసు?

అందుకే మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపాలి. రెండూ ఆపాకే టెస్టర్ తీయాలి. ఆ టెస్టర్‌ను కూడా, కరెంటు ఆపకముందే పనిచేస్తున్న ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోవాలి. ఎండ వెలుగులో, చెక్క స్టూలు మీద నిలబడితే దాని దీపం సరిగా కనబడదు. వెలగలేదని వెంటనే నమ్మేయకండి.

అన్నట్టు, షాకు కన్నా జారిపడే ప్రమాదమే ఎక్కువ. వెంటిలేటర్ ఏడడుగుల ఎత్తున ఉంటుంది, కింద తడి టైల్సు. నేల పొడిగా తుడిచి, స్టూలు పట్టుకోవడానికి ఒకరిని నిలబెట్టండి.

కొలత విషయానికి వస్తే, రెక్కలు కొలవకండి, వెంటిలేటర్‌లోని రంధ్రం కొలవండి. బిగించాక ఒక కాగితం ముక్క ఫ్యాను దగ్గర పెడితే అటువైపు లాక్కోవాలి. లాగకపోతే తలుపు కొద్దిగా తీసి చూడండి. తలుపు కింద సందు లేక, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఎంత మంచి ఫ్యానైనా ఆవిరిని బయటికి పంపలేదు. గ్యాస్ గీజరును బాత్‌రూం లోపలే పెట్టుకున్నవారు మాత్రం, ఫ్యాను ఉందిగా అని ధైర్యపడవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఆ గీజరును బయటికి మార్పించండి.

పడక గది బాత్‌రూం ఫ్యాను ఈ దసరాకు ఆగింది. ఈసారి మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపి, టెస్టర్‌తో చూసి, మూత తీశాను. ఎర్ర వైరు పైతొడుగు వేలు తగలగానే అప్పడంలా పెళపెళ రాలిపోయింది. లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఆకుపచ్చ ఎర్తు వైరు దేనికీ కలపకుండా, చుట్ట చుట్టి మూలకు తోసేసి ఉంది. మూత మళ్లీ బిగించి, దిగి వచ్చి, ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశాను. 30 ఏళ్లు పాఠం చెప్పినవాడికి ఇది నామోషీయే. ఆయన రెండు రోజులకు గానీ రాలేదు. వచ్చినప్పుడు నేను పక్కనే నిలబడి ఒక్కటి మాత్రం చూడమన్నాను: స్విచ్ కరెంటు తెచ్చే ఫేజు వైరుకు ఉందా, దాన్ని తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్‌కు ఉందా అని.

ఆయన బోర్డు విప్పి చూసి, ఏమీ అనకుండా నావైపు తిరిగాడు. న్యూట్రల్‌కు ఉంది. అంటే స్విచ్ ఆపితే ఫ్యాను ఆగుతుంది గానీ, ఫేజు కరెంటు మాత్రం ఫ్యాను దాకా వచ్చి అక్కడే కాచుకుని ఉంటుంది. పైగా ఎర్తు లేదు.

ప్రతి సంక్రాంతికీ స్విచ్ ఆపి, తడి గుడ్డతో ఆ ఫ్యాను రెక్కలు తుడిచేది మా ఆవిడ. ఆ రోజు ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. ఇదిగో, ముందు వరసలో కూర్చుని ఇప్పుడే మొదటిసారి వింటోంది.