తిరుగు ప్రయాణానికి మిగిలే పెట్రోలు

మిత్రులారా,

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్ విమానాల పట్టికలు చూస్తే ప్రతిదానికీ పక్కన రేంజ్ అని, అంటే ఎంత దూరం ఎగరగలదో చెప్పే ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఒక్కటీ చూసుకుంటే అసలు కథ తెలియదు. శత్రువు కనబడగానే పైలట్ తన డ్రాప్ ట్యాంకుల్ని, అంటే విమానం బయట తగిలించిన అదనపు పెట్రోలు ట్యాంకుల్ని, వదిలేయాలి. ఆ బరువుతో, ఆ గాలి నిరోధంతో పోరాడటం కుదరదు. అక్కణ్ణుంచి పోరాటానికైనా, ఇంటికి చేరడానికైనా లోపలి ట్యాంకులే దిక్కు.

1940లో జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109-ఇ ఫైటర్‌లో పట్టేది 400 లీటర్ల పెట్రోలు. ఫ్రాన్స్ తీరం నుంచి ఇంగ్లిష్ ఛానెల్ సముద్రం దాటి లండన్ మీదికి వచ్చేసరికి పోరాడటానికి పది పదిహేను నిమిషాలే మిగిలేవి. ఆ తర్వాత బాంబర్లను వాటి మానాన వదిలేసి వెనుదిరగాల్సిందే. బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ ట్యాంకూ అంతే చిన్నది, కానీ అది సొంత ఊరి మీదే పోరాడుతోంది.

జపాన్ ఫైటర్ జీరో ఇంకో దారి పట్టింది. 1942 ఆగస్టు 7న పసిఫిక్‌లోని రబౌల్ స్థావరం నుంచి గ్వాడల్‌కనాల్ దీవి దాకా, అంటే ఒకవైపే దాదాపు వెయ్యి కిలోమీటర్లు, వెళ్ళి పోరాడింది. వెయ్యి హార్స్‌పవర్ కూడా లేని ఇంజన్‌తో అది సాధ్యపడిందంటే బరువును అంత కర్కశంగా కోసేశారన్నమాట. పైలట్ వీపు వెనక ఉక్కు పలక లేదు. తూటా తగిలితే తనంతట తాను పూడుకుపోయే ట్యాంకూ లేదు. నాలుగు తూటాలు తగిలితే మంటలే. ఆ దూరానికి మూల్యం చెల్లించింది పైలట్లు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక అమెరికన్ ఫైటర్ మస్టాంగ్. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ నగరం మీదికి వెళ్ళిన అమెరికన్ బాంబర్లలో 60 కూలిపోయాయి. తోడు వెళ్ళిన థండర్‌బోల్ట్ ఫైటర్లు పెట్రోలు చాలక జర్మనీ సరిహద్దు దగ్గరే వెనక్కి తిరిగాయి. ఇలాంటి కొరత తీర్చడానికే మస్టాంగ్ పైలట్ సీటు వెనక 85 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 320 లీటర్లది, బిగించారు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. అది నిండుగా ఉంటే గరిమనాభి, అంటే విమానం బరువు తూగే బిందువు, వెనక్కి జరుగుతుంది. గట్టిగా మలుపు తిప్పితే విమానం తనంతట తానే ఇంకా బిగుసుకుని తిరుగుతుంది, పైలట్ విమానాన్ని నడిపే స్టిక్‌ను ముందుకు నెట్టి ఆపాల్సి వస్తుంది. అలాంటి విమానంతో పోరాటమా!

అందుకే వాడకంలో ఒక వరస పెట్టుకున్నారు. టేకాఫ్ అయ్యాక పైకి ఎక్కుతూ వెనక ట్యాంకును మూడో వంతు మిగిలేదాకా కాల్చాలి. ఎక్కేటప్పుడే ఇంజన్ ఎక్కువ తాగుతుంది కదా, అది అక్కడికి సరిపోతుంది. ఆ తర్వాతే డ్రాప్ ట్యాంకులు. రెక్కల్లోని దాదాపు 700 లీటర్లు మాత్రం ముట్టుకోకుండా పోరాటానికీ, తిరుగు దారికీ దాచుకోవాలి. విమానం ఎంత మోస్తుందన్నదానికంటే ఏ ట్యాంకు ముందు ఖాళీ చేయాలన్న ఈ ఆలోచనే గొప్పదని నా అభిప్రాయం.

ఆ డ్రాప్ ట్యాంకుల్లో కొన్ని కాగితంతో చేసినవి! బ్రిటన్‌లో దళసరి కాగితాన్ని పొరలు పొరలుగా జిగురుతో అతికించి చేసేవారు. కొన్ని గంటలు గడిస్తే పెట్రోలుకు మెత్తబడిపోతాయి కాబట్టి బయల్దేరే ముందే నింపేవారు. కిందపడ్డా జర్మన్లకు ఏరుకోవడానికి లోహం దొరికేది కాదు.

1944 మార్చి 4న మస్టాంగ్‌లు మొదటిసారి బాంబర్లకు తోడుగా బెర్లిన్ దాకా వెళ్ళాయి.