పని నేర్పేటప్పుడు మన మాట ఎక్కడ ఆగాలి: పావు కిలో పొట్లం పాఠం

నమస్కారం. ముందుగా ఈ బల్లను చూడండి. పళ్లెంలో వేయించిన వేరుశనగ విత్తనాలు, అంటే మన అనంతపురంలో అనే బుడ్డల విత్తనాలు ఉన్నాయి. పక్కన ఖాళీ కవర్ల కట్ట, ఎలక్ట్రానిక్ కాటా, సీలింగ్ మెషీన్, చివరన ఒక నీలం ట్రే ఉన్నాయి. బల్ల ముందు కూర్చున్న ఆయనకు 34 ఏళ్లు. ఆయనకు మేధో వైకల్యం ఉంది. పాతూరులోని ఒక దుకాణంలో పావు కిలో పొట్లాలు కట్టే పనిలో చేరడానికి ఆయన సిద్ధమవుతున్నారు. ఈ చిత్రీకరణకు ఆయన, ఆయన తల్లిగారు అంగీకరించారు కానీ పేరు చెప్పవద్దని కోరారు, అందువల్ల నేను చెప్పను.

పని నేర్పడం ఒక భాగం, పని చేసే చోట మనుషులతో మెలగడం నేర్పడం ఇంకొక భాగం. రెండింటినీ ఈ బల్ల దగ్గరే చూపిస్తాను.

కాగితాల సంగతి త్వరగా చెబుతాను. సదరం ధ్రువపత్రం (వైకల్యాన్ని ధ్రువీకరించేది), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఒకే సంచిలో ఉంచండి. జాబితా తెరపై ఉంది, వీడియో ఆపి రాసుకోండి. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 నాటి పాత చట్టంలో అవి 7 మాత్రమే. ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్‌లో మేధో వైకల్యం, ఆటిజం ఉన్నవారికి చోటు దక్కింది కూడా ఈ చట్టంతోనే. ఇక తల్లిదండ్రులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మన రాష్ట్రంలో 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలుగా అందుతున్న దివ్యాంగుల పింఛను, పనిలో చేరితే ఆగిపోతుందేమోనని వారి భయం. పనిలో చేర్చాక భయపడడం కన్నా, చేర్చకముందే మీ సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌ను మీ కార్డుతో సహా కలిసి స్పష్టంగా అడగండి. కాగితాల గురించి ఇంతే.

ఇప్పుడు పని. పొట్లం కట్టడం మనకు ఒక పనిలా కనిపిస్తుంది కానీ అది 11 చిన్న పనుల వరుస. తెరపై 11 బొమ్మలూ చూడండి. కట్ట నుంచి ఒక్క కవరు తీయాలి, దాని మూతి తెరవాలి, కాటా మీది స్టీలు డబ్బాలో నిలబెట్టాలి, టేర్ బటన్ నొక్కి సున్నా రప్పించాలి, గ్లాసుతో విత్తనాలు పోయాలి. మిగిలినవి బొమ్మల్లో ఉన్నాయి. ఈ పని విభజనను మీరు కుర్చీలో కూర్చుని ఊహించి రాయవద్దు. మీ చేతులతో మీరే పది పొట్లాలు కట్టి, కట్టిన తర్వాత రాయండి. రెండు కవర్లు అతుక్కుని వస్తాయన్న సంగతి నాకు కాగితం మీద తట్టలేదు, చేతికి మాత్రమే తెలిసింది. అందుకే కట్ట పక్కన ఈ తడి స్పాంజి పెట్టాను. నోట్లు లెక్కపెట్టేవారి దగ్గర ఉండేది ఇదే.

కాటా గురించి ఒక మాట. ఈయన అంకెలను చదవరు కానీ రెండు అంకెలు ఒకేలా ఉన్నాయో లేదో చక్కగా పోల్చగలరు. అందుకని కాటా పక్కన ఈ అట్టముక్క నిలబెట్టాను, దాని మీద 250, 251, 252 అని మూడు వరుసలు ఉన్నాయి. కాటా మీద ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆపాలి. నాకైతే పాతకాలపు తక్కెడే ఇష్టం, ఎందుకంటే ఒక పక్క పావు కిలో రాయి పెట్టి ముల్లు మధ్యకు వచ్చిందో లేదో చూస్తే చాలు, అంకెలతో పనే లేదు. కానీ దుకాణంలో తక్కెడ లేదు. దుకాణంలో ఏది ఉందో దాని మీదే నేర్పాలి. కొన్ని కాటాలు 250 అని చూపిస్తాయి, కొన్ని 0.250 అని చూపిస్తాయి. మనకు రెండూ ఒకటే, అట్టముక్కతో పోల్చుకునే మనిషికి అవి రెండు వేర్వేరు బొమ్మలు. అందుకే నేర్పడం మొదలుపెట్టక ముందే దుకాణానికి వెళ్లి, అక్కడి కాటాను, మెషీన్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకుని రండి.

నేర్పేటప్పుడు మొదటి అడుగు నుంచి కాకుండా చివరి అడుగు నుంచి మొదలుపెడతాను. దీన్ని బ్యాక్‌వర్డ్ చైనింగ్ అంటారు. మొదటి రోజు పది అడుగులు నేను చేస్తాను, సీలు వేసిన పొట్లాన్ని ట్రేలో పెట్టడం మాత్రం ఆయన చేస్తారు. అది కుదిరాక సీలు వేయడమూ, ట్రేలో పెట్టడమూ ఆయనవి. ఇలా వెనుక నుంచి ముందుకు వస్తాం. ఇలా చేస్తే ప్రతిసారీ పని ఆయన చేతిలోనే పూర్తవుతుంది, నిండిన ట్రే ఆయన కళ్ల ముందే ఉంటుంది. సీలింగ్ మెషీన్ దగ్గర మాత్రం తొందర వద్దు. నొక్కితే లైటు వెలుగుతుంది, లైటు ఆరాక కూడా మూడు లెక్కపెట్టే వరకు పట్టి ఉంచి, అప్పుడు వదలాలి. ముందే వదిలితే వేడి మీద సీలు విడిపోతుంది. వేలు పెట్టకూడని చోట ఎర్ర టేపు అంటించాను, చూడండి.

ఇప్పుడు నేను ఎక్కువసేపు ఆగే చోటుకు వచ్చాను. దయచేసి ఈ భాగాన్ని వేగం పెంచి చూడవద్దు.

నేను శిక్షకురాలినైన తొలి రోజుల్లో ఒక యువకుడికి అట్టపెట్టెలు మడిచే పని నేర్పాను. శిక్షణ కేంద్రంలో ఆయన ఒక్క తప్పూ చేసేవారు కాదు. దుకాణంలో మొదటి రోజు ఒక మడత వేసి, చేతులు బల్ల మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. యజమాని కాసేపు చూసి, ఈ అబ్బాయికి పని రాదని మధ్యాహ్నానికే ఇంటికి పంపించేశారు. ఆ రాత్రి నేను శిక్షణ రోజుల్లో తీసుకున్న పాత వీడియోలన్నీ వరుసగా చూశాను. ప్రతి మడతకు ముందు నా గొంతు వినిపిస్తోంది: "ఊఁ, తర్వాత?" ప్రతి మడతకూ, ఒక్కటి కూడా వదలకుండా, "ఊఁ, తర్వాత?" ఆయన చూపు అట్ట మీద లేదు, నా ముఖం మీద ఉంది. ఆయన నేర్చుకున్న పనిలో నా మాట కూడా ఒక అడుగు. దుకాణంలో ఆ అడుగు వేసే మనిషి లేదు కాబట్టి పని ఆగిపోయింది. ఆయనకు పని వచ్చు. నేను నేర్పిన పద్ధతిలోనే లోపం ఉంది, దాని ఫలితం ఆయన అనుభవించారు.

అందుకని ఇప్పుడు నేను ఏం చేస్తానో చూడండి. ఎదురుగా కూర్చోను. ఆయన కుడి భుజం వెనుక, ఆయనకు నా ముఖం కనిపించని చోట నిలబడతాను. ఒక అడుగు పూర్తయ్యాక మనసులో ఐదు లెక్కపెడతాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మూలనున్న గడియారం చూడండి, ఐదు సెకన్లు ఎంత పొడవుగా అనిపిస్తున్నాయో మీకే తెలుస్తుంది. ఆ ఐదు సెకన్లలో మన నాలుక కదలాలని ఆరాటపడుతుంది, కదలనివ్వకూడదు. ఐదయ్యాక కూడా ఆయన చేయి కదలకపోతే వేలితో చూపిస్తాను, మాట మాత్రం వాడను. దానికి కారణం ఉంది. వేలితో చూపించడాన్ని కొంచెం కొంచెంగా తగ్గించవచ్చు: ఈ రోజు కవరును తాకి చూపిస్తాం, రేపు జానెడు దూరం నుంచి, ఎల్లుండి చేయి కొద్దిగా కదిలిస్తే చాలు. చేయి పట్టి చేయించినా అంతే, మణికట్టు నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి మన పట్టును జరపవచ్చు. మాటను అలా సగానికి తగ్గించడం చాలా కష్టం. అంటే ఉంటుంది, అనకపోతే ఉండదు. ఒకసారి అలవాటు చేశాక మాన్పించడం అన్నిటికన్నా కష్టమైన సూచన మాటే.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1970ల ఆరంభంలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారికి 15 భాగాలున్న సైకిల్ బ్రేకును బిగించడం నేర్పి చూపించారు. ఆయన మాటలు చాలా తక్కువగా వాడేవారు. భాగాలకు ఒక వైపు రంగు పూసి, ఏ వైపు పైకి ఉండాలో ఆ రంగే చెప్పేలా చేశారు. మా బల్ల మీది ఎర్ర టేపు, అట్టముక్క అలాంటివే. మనం వెళ్లిపోతాం, అవి బల్ల దగ్గరే ఉండి చెబుతాయి.

మెచ్చుకోలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రతి అడుగుకూ "శభాష్" అంటే ఆ శభాష్ కూడా సూచనగానే మారుతుంది. మొదట పొట్లానికి ఒకసారి, తర్వాత పది పొట్లాలకు ఒకసారి, ఆఖరుకు సాయంత్రం ఒకసారి అనండి, ఎందుకంటే దుకాణంలో దొరికేది అంతే.

లెక్క రాసుకోవడానికి ఫోన్ యాప్‌లు ఉన్నాయి కానీ నేను ఈ గీతల పుస్తకమే వాడతాను, చేతికి విత్తనాల నూనె ఉన్నప్పుడు ఫోన్ పట్టుకోలేను. నిలువు గడులు రోజులు, అడ్డ గడులు 11 అడుగులు. చేయి పట్టి చేయిస్తే "చే", వేలితో చూపిస్తే "వే", మాట వాడితే "మా", తానే చేస్తే "తా". వరుసగా మూడు రోజులు "తా" వస్తే దానికి ముందున్న అడుగును కూడా ఆయనకు అప్పగిస్తాం. "మా" ఎక్కువగా కనిపించిన రోజున తప్పు నాది అని నాకు నేనే గుర్తు పెట్టుకుంటాను.

ఇక మనుషులతో మెలగడం. దీన్ని వేరే గదిలో పాఠంలా చెప్పి ప్రయోజనం లేదు, పని మధ్యలోనే రావాలి. ఇప్పుడు చూడండి, పది పొట్లాలు కట్టాలి కానీ నేను కావాలనే ఏడు కవర్లే పెట్టాను. ఎనిమిదో పొట్లం దగ్గర ఆయన వెతుకుతారు. ఇక్కడా ఐదు లెక్కపెడతాను. అప్పటికీ ఆయన అడగకపోతే ఈ కార్డు చూపిస్తాను, కార్డు మీద ఖాళీ కట్ట బొమ్మ ఉంది. ఆయన అనవలసిన మాట ఒక్కటే: "అన్నా, కవర్లు అయిపోయాయి." మాట రానివారైతే ఆ కార్డునే చేతికిస్తారు, అది కూడా పూర్తిగా అడిగినట్టే. ఆ మాటలను పుస్తకంలోని మాటలుగా నేర్పకండి, ఆ దుకాణంలో పనివాళ్లు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో విని అదే నేర్పండి. అక్కడ యజమానిని "సేఠ్" అంటే సేఠ్, "అన్నా" అంటే అన్నా. ఉదయం ఒకసారి నమస్కారం పెట్టడం, యజమాని బయటికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ పెట్టకపోవడం, టీకి వెళ్లి ఫోన్ అలారం మోగగానే తిరిగి రావడం కూడా ఇలాగే నేర్పుతాం. వీటిని విడిగా చూపించడం లేదు, పద్ధతి ఒకటే.

"వద్దు" అనడం మాత్రం విడిగా నేర్పాలి. మన దగ్గర శిక్షణకు వచ్చేవారిలో చాలామంది చిన్నప్పటి నుంచి పెద్దలు చెప్పినదానికల్లా తల ఊపడాన్నే మంచితనంగా నేర్చుకుని వస్తారు. జీతం డబ్బు అప్పుగా అడిగినా, ఒంటి మీద చేయి వేసినా, ఆయన "వద్దన్నా" అని లేచి రాగలగాలి, వచ్చి ఎవరికి చెప్పాలో తెలిసి ఉండాలి. సాధన కోసం నా సహోద్యోగి ఎదురుగా వచ్చి జీతం కవరు అడుగుతున్నారు, చూడండి. మొదటి నాలుగు రోజులు ఆయన ఇచ్చేశారు. ఐదో రోజు కవరును జేబులో పెట్టుకుని, చేతిని జేబు మీదే ఉంచారు. మాట రాలేదు, అయినా అది "వద్దు" అనడమే. పుస్తకంలో "తా" అని రాశాను.

మనం మెలిగే తీరు కూడా శిక్షణలో భాగమే. 34 ఏళ్ల మనిషిని "బాబూ", "ఒరేయ్" అని మనమే పిలుస్తుంటే దుకాణంలో వేరే పిలుపు వస్తుందని ఆశించలేం. మా దగ్గర అందరినీ "మీరు" అంటాం, వయసును బట్టి అన్నా, అక్కా అంటాం.

దారి కూడా పనిలో భాగమే. రుద్రంపేట నుంచి షేర్ ఆటోలో టవర్ క్లాక్ దగ్గర దిగి, నడిచి పాతూరుకు వెళ్లాలి. ఇక్కడా వెనుక నుంచే మొదలుపెట్టాం. మొదటి వారం దుకాణం మలుపు దగ్గర ఆయనను వదిలాను, తర్వాత టవర్ క్లాక్ దగ్గర, ఆ తర్వాత ఆటో ఎక్కే చోట. ఎక్కడ దిగాలో గుర్తుగా ఆయన ఫోన్ తెర మీద గడియారం స్తంభం ఫొటోనే పెట్టాం.

దుకాణంలో మొదటి వారం రోజూ వెళతాను, రెండో వారం రోజు విడిచి రోజు, ఆ తర్వాత శనివారం మాత్రమే. వెళ్లినప్పుడు బల్ల దగ్గరకు పోను, గుమ్మం దగ్గర నిలబడి చూస్తాను. అక్కడ పనిచేసే ఒకరిని తోడుగా ఎంచుకుని, ఐదు లెక్కపెట్టే పద్ధతిని వారికి నేర్పడం నా చివరి పని. అందులో ఆలస్యమైతే వారూ "ఊఁ, తర్వాత?" మొదలుపెడతారు.

ఇప్పుడు మళ్లీ మన బల్ల దగ్గరకు వద్దాం. ట్రేలో 20 పొట్లాలు పడతాయి. ఆయన మొదటి కవరు తీస్తున్నారు. ట్రే నిండే వరకు కెమెరా ఆపను, దృశ్యాన్ని కత్తిరించను, నేనూ మాట్లాడను.