పాలలెక్క పక్కన ఓ చుక్క

శ్రోతలకు నమస్కారం.

మా పిన్నిది విజయవాడ, కృష్ణలంక. ఐదేళ్ల కిందట ఓ పొద్దున పళ్లు తోముకుంటూ బ్రష్ వదిలేసి, చెంప పట్టుకుని కూలబడింది. కుడి దవడలో కరెంటు షాక్ కొట్టినట్టయింది. కాసేపే. కానీ నీళ్లు పుక్కిలిస్తే మళ్లీ కొట్టింది. పంటినొప్పి అనుకుని రెండు పళ్లు తీయించుకుంది. పళ్లు పోయాయి, నొప్పి పోలేదు. ఈ మాట చెప్పి ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

చివరికి నరాల డాక్టరు పేరు చెప్పారు: ట్రైజెమినల్ న్యూరాల్జియా. ముఖానికి స్పర్శనిచ్చే నరాన్ని మెదడు దగ్గర ఓ రక్తనాళం నొక్కడం వల్ల చాలామందికి ఇది వస్తుంది. మామూలు నొప్పి బిళ్లలకు లొంగదు. కార్బమాజెపైన్ రాశారు. 1960ల నుంచీ ఈ నొప్పికి వాడుతున్న మందే. షాపులో ఎవరో అది ఫిట్స్ బిళ్ల అన్నారట. "నాకు ఫిట్స్ ఎక్కడివిరా?" అని నామీద ఎగిరింది. అదే మందు ఈ నరాన్నీ శాంతపరుస్తుందని చెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

నొప్పి ఆగింది. మత్తు, తూలు మొదలయ్యాయి. రక్తపరీక్షలో సోడియం తగ్గిందని తేలితే డాక్టరు మోతాదు సవరించారు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం ఆ రోజే రమ్మని ముందే హెచ్చరించారు.

ఆర్నెల్లు హాయిగా గడిచాయి. అసలు చిక్కు అప్పుడే వచ్చింది. నొప్పి లేనిది మందు వల్లా, జబ్బే సద్దుమణిగా? బిళ్ల వేసుకుంటున్నంత కాలం ఆ సంగతి తేలదు. ఈ జబ్బు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఊరుకుంటుంది కూడా. పిన్ని ఎవరికీ చెప్పకుండా ఒక్కసారిగా మానేసింది. నాలుగో రోజు పెళ్లి పంక్తిలో పెరుగన్నం ముద్ద నోట్లో ఉండగా కొట్టింది. విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

ఒక్కసారిగా మానకండి. మళ్లీ చెబుతున్నాను, ఒక్కసారిగా మానకండి. ఫిట్స్ ఉన్నవాళ్లకైతే అది మరీ ప్రమాదం.

రెండోసారి డాక్టరుతో మాట్లాడే తగ్గించింది. సగం బిళ్ల తగ్గించడం, రెండు వారాలు చూడడం. ఆ లెక్క ఆవిడకు చెప్పింది, మీ లెక్క మీ డాక్టరు చెప్పాలి. పాలలెక్క రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, దాని మీదే నొప్పి వచ్చిన రోజు ఎర్రచుక్క పెట్టేది, బిళ్ల తగ్గించిన రోజు గీత గీసేది. డాక్టరు దగ్గరికి ఆ కాగితాలే చింపి పట్టుకెళ్లేది. మళ్లీ నొప్పి వస్తే ఎంతతో మొదలుపెట్టాలో కూడా ఆయనతో ముందే చీటీ మీద రాయించుకుంది. పాత మోతాదు మొత్తం ఒక్కసారే మింగకూడదట.

చుక్కలు ఆగినా భయం ఆగలేదు. చాలాకాలం కుడి చెంపకు సబ్బు రాయలేదు, ఎడమవైపే నమిలింది. ఎవరూ తొందరపెట్టలేదు, అదే మేలయింది. మొన్న చలికాలంలో ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తూ, చెంపకు అడ్డం పెట్టుకున్న కొంగు దానంతటదే జారితే సర్దుకోలేదు. నేను చూశాను, ఏమీ అనలేదు.

నిన్న ఫోన్ చేసింది. "బిళ్లల స్ట్రిప్పు డేటు అయిపోయిందిరా, కొత్తది తేవాలి" అంది. మళ్లీ వచ్చిందా అని కంగారుపడ్డాను.

"రాలేదు. ఇంట్లో ఉండాలిగా" అంది.