తాడు చేతికి చుట్టుకోవద్దు

అందరికీ నమస్కారం. కొత్తగా చేరిన పశుసంవర్ధక సహాయకులకు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ నా కుడిచేతి చూపుడువేలు చూసుకున్నాను. ఇదిగో, ఇది పూర్తిగా ముడవదు.

తన్నూ కాదు, కొమ్మూ కాదు. పలుపు తాడు. ముర్రా గేదెకి గాలికుంటు టీకా వెయ్యాలి. రైతు ఇంట్లో లేడు. వాళ్ల ఆవిడ పలుపు విప్పి నా చేతికిచ్చింది. జారకుండా ఉంటుందని అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. వీధిలో ఎవరిదో బండి హారన్ మోగింది, గేదె ఉలిక్కిపడి లాగింది. అది 500 కిలోలు, నేను 60. చుట్టు బిగిసిపోయింది, వదిలేద్దామన్నా వదలదు. పెంటకుప్ప దాకా ఈడ్చుకుపోయింది. అందుకే చెబుతున్నా, తాడు పట్టుకోండి, చుట్టుకోవద్దు. జారితే జారనివ్వండి. పొద్దుగూకితే కుడితికి అదే ఇంటికొస్తుంది.

ఇక తన్నుల సంగతి. ఆవు వెనక్కే తంతుందనుకుని పక్కన ధీమాగా నిలబడతాం. అది కాలు ముందుకీ, పక్కకీ కూడా విసురుతుంది. దానికి చుట్టూ సుమారు 330 డిగ్రీలు కనిపిస్తుంది గానీ, సరిగ్గా తోక వెనకాల కనిపించదు. చప్పుడు చెయ్యకుండా అక్కడ చెయ్యి వేస్తే బెదురుతుంది. మన పెద్దవాళ్లు "హా, హా" అంటూ వీపు నిమురుకుంటూ వెళ్లేది అందుకే. "మా ఆవు బంగారం సార్, ఏమీ అనదు" అని ఎవరైనా అంటే, దాన్ని ఇంకాస్త జాగ్రత్తగా ట్రెవిస్‌లో, అంటే పశువుని కదలకుండా నిలబెట్టే చట్రంలో, కట్టించండి! ఈనిన ఆవైతే దూడకీ తల్లికీ మధ్యన అసలు నిలబడొద్దు.

పైకి కనపడని దెబ్బలు ఇంకా ఉన్నాయి. బ్రూసెల్లా అంటే పశువులు ఈసుకుపోయే జబ్బు, మనుషులకీ అంటుకుంటుంది. దానికి 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకి వేసే ఎస్-19 టీకాలో ఉండేది బతికున్న సూక్ష్మజీవే. దూడ గింజుకుని సూది మీ వేలికి గుచ్చుకుంటే తుడుచుకుని పోవద్దు. సబ్బుతో కడిగి, ఆ రోజే డాక్టరుకి టీకా పేరు చెప్పండి. చెప్పకపోతే, వచ్చిపోయే జ్వరాన్ని టైఫాయిడ్ అనుకుని తిప్పుతారు. చొంగ కారుస్తున్న గేదె గొంతులో ఏదో అడ్డంపడిందని వట్టిచేతులు పెట్టొద్దు. అది రేబిస్ కావచ్చు.

ఒక్క విన్నపం. దెబ్బ తగిలిన రోజే తేదీ వేసి కాగితం మీద పెట్టండి. నా వేలు విరిగిన రోజు డైరీలో నేను రాసుకున్నది ఒక్కటే ముక్క: "టీకాలు 14."