సంతకం వస్తే చదువొచ్చినట్టేనా?

జనగణనలో అక్షరాస్యులంటే ఎవరు? ఏడేళ్ళు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వచ్చినవాళ్ళు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీళ్ళు దాదాపు 67 శాతం. కానీ లెక్క రాసుకునేవాళ్ళు చదివించి చూడరు, అడిగి రాసుకుంటారు. ‘అర్థం చేసుకుంటూ’ అన్న అసలు షరతు అక్కడే జారిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకు నేర్పుతుంటే ఇలా చూడండి. వాళ్ళు ఎప్పుడూ చదవని రెండు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాయండి: ‘బుధవారం కుళాయి రాదు. ముందురోజు రాత్రే నీళ్ళు పట్టుకోవాలి.’ చదివించి, కాగితం పక్కన పెట్టి, ‘నీళ్ళు ఏ రోజు పట్టాలి?’ అని అడగండి. మంగళవారం అంటే అర్థమైనట్టే. కూడబలుక్కుని చదివేవాళ్ళు వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతారు. అప్పుడు కొత్త పాఠం ఎత్తుకోకండి, అదే ముక్క తడబాటు పోయేదాకా చదివించండి. నలభై దాటినవాళ్ళకైతే ముందు కళ్ళు చూపించండి. దగ్గరి చూపు ఆనకపోవడాన్ని మొద్దుతనం అనుకోవడం చాలా అన్యాయం.

తెలుగులో ఎక్కువమంది ఆగిపోయేది ఒత్తుల దగ్గర. త, న, మ, య, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. పట్టీ వల్లె వేయించకండి. అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల అని రాసి చూపించండి. మాట ముందే నోట్లో ఉంది కాబట్టి కింద ఉన్న గుర్తు దానంతటదే పట్టుబడుతుంది. ప, వ, మ, ష అక్షరాలు మాత్రం ఒకేరోజు చెప్పొద్దు, కలిసిపోతాయి.

ఇక ఏం చదివిస్తున్నామన్నది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో, ఊరి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించిన పాఠం వాచకంలో పెట్టారు. దూబగుంటలో ఆడవాళ్ళు అది చదివి, చర్చించుకుని, నిజంగానే సారాను అడ్డుకున్నారు. ఆ పోరు జిల్లాలు దాటింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదువంటే నా దృష్టిలో అదీ!

డిగ్రీలున్నవాళ్ళకూ ఇదే కొలత. బ్యాంకు అప్పు పత్రం తీయండి. వడ్డీ మారేదా, మారనిదా? ముందే తీర్చేస్తే రుసుము ఉందా? హామీ సంతకం పెట్టినవాళ్ళ బాధ్యత ఎంతవరకు? ఈ మూడింటికీ జవాబున్న పేరాలు మీ వేలితో చూపించగలిగాకే సంతకం పెట్టండి.