కెరీర్ కౌన్సెలర్ ట్రైనింగ్‌లో అసలు నేర్పేది ఏంటి? (బీఈడీ విద్యార్థులు, టీచర్ల సదస్సులో ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. స్టేజీ మీదున్న పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న తోటి టీచర్లకి, వెనకాల ఉన్న బీఈడీ పిల్లలకి. కెరీర్ గైడెన్స్ మీద మాట్లాడమని పిలిచారు, అంటే టెన్త్ తర్వాత ఏం కోర్సులున్నాయో లిస్టు చదువుతారని అనుకుని ఉంటారు, ఆ లిస్టు ఇవాళ ఫోన్లో దొరుకుతుంది, నేను చదవను. ఆ లిస్టు పట్టుకుని ఒక పిల్ల ముందు కూర్చునే మనిషి ఎలా తయారవ్వాలి, దానికి ట్రైనింగ్ ఎక్కడుంది, అందులో ఏం చేయిస్తారు, అదే మాట్లాడతా. ఎందుకంటే మీ దగ్గరికి ఎలాగూ వస్తారు. మార్చిలో పరీక్షలు అయ్యాక ఎవరో ఒకరు వచ్చి "సార్ ఏ గ్రూపు తీసుకోమంటారు" అంటారు, వాళ్ళ నాన్న వెనకాల నిలబడి ఉంటాడు, మీరు రెండు నిమిషాల్లో ఏదో ఒకటి చెప్తారు, ఆ రెండు నిమిషాల మాట మీద ఆ పిల్ల ఐదారేళ్ళు నడుస్తుంది. మనం లెక్కలు చెప్పడానికి బీఈడీ చేస్తున్నాం, ఇంత పెద్ద మాట చెప్పడానికి మాత్రం ఏ ట్రైనింగూ అక్కర్లేదనుకుంటున్నాం, నాకు బాధ కలిగించేది ఇదే.

ఈ పని కొత్తదేం కాదు. అమెరికాలో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన 1908లో దీనికోసం ఒక బ్యూరోనే పెట్టాడు, ఆయన చెప్పింది మూడే, ముందు నిన్ను నువ్వు తెలుసుకో, తర్వాత పనుల గురించి తెలుసుకో, ఆ రెండూ కలిపి ఆలోచించు. మన దేశంలో 1954లోనే కేంద్రం ఒక గైడెన్స్ బ్యూరో పెట్టింది, చదువుల మీద కేంద్రం వేసిన 1964-66 కొఠారి కమిషన్ కూడా గైడెన్స్ అనేది చదువులో భాగంగానే ఉండాలంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మన హైస్కూల్లో మాత్రం ఆ మనిషి లేడు.

ఇప్పుడు పరిస్థితి కొంచెం కదిలింది, ఎలా కదిలిందో చెప్పుకోవాలంటే కష్టంగా ఉంటుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది, ఆ తండ్రి వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2025 జులై 25న కోర్టు దేశం మొత్తానికి గైడ్‌లైన్స్ ఇచ్చింది. 100 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ స్టూడెంట్స్ ఉన్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక క్వాలిఫైడ్ కౌన్సెలర్ గానీ సైకాలజిస్ట్ గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలి, పిల్లల మానసిక ఆరోగ్యం మీద వాళ్ళకి ట్రైనింగ్ ఉండాలి అంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని కూడా అంది. మన దగ్గర చదువుకుంటున్న అమ్మాయి ప్రాణం పోయాక వచ్చిన తీర్పు ఇది. అందులో క్వాలిఫైడ్ అన్న మాట ఉంది చూశారా, ఎవర్నో ఒకర్ని కుర్చీలో కూర్చోబెట్టి బోర్డు తగిలిస్తే సరిపోదు.

మరి ఎక్కడ నేర్చుకోవాలి. టీచర్లకి నేను ముందు చెప్పేది ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ డిప్లొమా కోర్స్ ఇన్ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్. ఏడాది కోర్సు, మూడు భాగాలు. మొదటి ఆరు నెలలు దూరవిద్య, మెటీరియల్ చదవాలి అసైన్‌మెంట్లు రాయాలి, ఉద్యోగం చేసుకుంటూనే చేయొచ్చు. తర్వాత మూడు నెలలు సెంటర్‌కి వెళ్ళి కూర్చోవాలి, మన రెండు రాష్ట్రాలూ మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ రీజినల్ ఇన్‌స్టిట్యూట్ కిందకి వస్తాయి. చివరి మూడు నెలలు ఇంటర్న్‌షిప్, మీ ఊళ్ళోనే, మీ స్కూల్లోనే. సర్వీసులో ఉన్న టీచర్లకీ, బీఈడీ అయిపోయినవాళ్ళకీ, సైకాలజీ లాంటి సబ్జెక్టుల్లో పీజీ చేసినవాళ్ళకీ అవకాశం ఉంటుంది, అర్హతలూ ఫీజూ ఏ ఏడాదికి ఆ ఏడాది నోటిఫికేషన్లో చూసుకోండి. సర్వీసులో ఉన్నవాళ్ళకి ఆ మూడు నెలలు డిప్యుటేషనో సెలవో దొరకడమే పెద్ద పని, అది ముందే మీ ఆఫీసులో మాట్లాడి పెట్టుకోండి, సీటు వచ్చాక తిరగడం మొదలుపెడితే టైమ్ సరిపోదు.

సైకాలజీ లోతుగా చదవాలి అనుకునేవాళ్ళకి ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీ డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి, ఇగ్నోలో ఎంఏ సైకాలజీ ఉంది. ఇవి కాక శని ఆదివారాల్లో ఆన్‌లైన్ క్లాసు విని సోమవారం సర్టిఫికెట్ ఇచ్చేవి చాలా ఉన్నాయి. నేను ఎవరి పేరూ తీయను కానీ ఏ కోర్సులో చేరినా ఒక్క ప్రశ్న అడగండి, "నేను ఒక పిల్లతో మాట్లాడుతుంటే చూసి సరిదిద్దేవాళ్ళు ఉంటారా?" లేరు అంటే అది చదువుకునే కోర్సు మాత్రమే, ట్రైనింగ్ కింద లెక్క కాదు. ఈత పుస్తకం చదివితే రాదు కదా.

ఇంక అసలు విషయానికి వస్తా. సెంటర్‌కి వెళ్ళి కూర్చునే ఆ కాంటాక్ట్ క్లాసుల్లో థియరీ ఉంటుంది, కెరీర్ డెవలప్‌మెంట్, అసెస్‌మెంట్, కొంచెం స్టాటిస్టిక్స్, అవన్నీ కష్టపడితే వచ్చేస్తాయి. రానిది ప్రాక్టీస్. ముగ్గురు ముగ్గుర్ని కూర్చోబెడతారు, ఒకరు కౌన్సెలర్, ఒకరు స్టూడెంట్‌లా మాట్లాడతారు, మూడోవాళ్ళు ఏమీ అనకుండా చూస్తూ రాసుకుంటారు. తర్వాత మాట మాట రాసి చదువుతారు. అక్కడ బయటపడుతుంది. ఎదుటి మనిషి రెండో వాక్యం పూర్తి చెయ్యకముందే మనం సమాధానం మొదలుపెట్టేసి ఉంటాం. పదిహేనేళ్ళు ఇరవయ్యేళ్ళు సర్వీసున్న టీచర్లకి ఇది మరీ కష్టం, ఎందుకంటే క్లాస్‌రూమ్‌లో మన పనే సమాధానం చెప్పడం, ప్రశ్న అడిగినా సమాధానం మనకి ముందే తెలుసు. ఇక్కడ తెలీని ప్రశ్న అడగాలి, అడిగి ఆగాలి.

ఒక ఉదాహరణ చెప్తా. ఇది ఒక్క పిల్ల కథ కాదు, నలుగురైదుగురి మాటలు కలిపి చెప్తున్నా, ఎవరో గుర్తుపట్టకూడదు కాబట్టి. టెన్త్‌లో మంచి మార్కులు వచ్చే అమ్మాయి. "ఏ గ్రూపు తీసుకుందాం అనుకుంటున్నావమ్మా" అంటే "ఏదైనా పర్లేదు మేడమ్" అంటుంది. ఇక్కడ మనలో చాలామంది ఏం చేస్తాం, "నీ మార్కులకి బైపీసీ తీసుకో తల్లీ, డాక్టరవ్వొచ్చు" అని భుజం తట్టి పంపిస్తాం, సంతోషంగా కూడా ఉంటుంది మనకి. ట్రైనింగ్ అయినవాళ్ళు అక్కడ ఆగుతారు. "ఏదైనా పర్లేదు అంటున్నావు, ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు ఎలా ఉంటుందో చెప్తావా?" అని అడుగుతారు. ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడదు. ఆ కాసేపు మీరు కూడా మాట్లాడకూడదు, చాలా కష్టం అది, గడియారం వైపు చూడాలనిపిస్తుంది, చూడకూడదు. అప్పుడు అంటుంది, "నాన్న పంపిస్తారో లేదో తెలీదు మేడమ్. అక్కని ఫస్ట్ ఇయర్ మధ్యలో ఆపేశారు." ఎందుకు ఆపేశారు? కాలేజీ టౌన్‌లో ఉంది, సాయంత్రం బస్సు లేటైతే మెయిన్ రోడ్డు నుంచి ఊళ్ళోకి చీకట్లో నడవాలి. ఇంకొంచెం మాట్లాడితే ఊళ్ళో నర్సమ్మ దగ్గరికి టీకాల రోజున వెళ్ళి సాయం చేస్తానని, ఆ పని అంటే ఇష్టమని చెప్తుంది. ఇప్పుడు చూడండి, ఆ పిల్లకి కావాల్సింది ఎంపీసీనా బైపీసీనా అన్న లెక్చర్ కాదు, హాస్టల్ ఉన్న చోట సీటు. ఇంటర్ దాకా పెంచిన కస్తూర్బా స్కూళ్ళు ఉన్నాయి, గురుకుల కాలేజీలు ఉన్నాయి, ఆ నాన్నని పిలిచి "ఏమయ్యా, అమ్మాయి భద్రంగా ఉండే చోటు చూద్దాం, నువ్వే వచ్చి చూడు" అని మాట్లాడాలి. ఏ ఆప్టిట్యూడ్ టెస్టూ ఈ బస్సు సంగతి చెప్పదు.

అందుకని టెస్టులు వద్దనట్లేదు. ట్రైనింగ్‌లో టెస్టులు బాగా నేర్పుతారు, నేర్చుకోవాలి కూడా. జాన్ హాలండ్ అని ఒక సైకాలజిస్ట్ మనుషుల ఇష్టాల్ని ఆరు రకాలుగా చూశాడు, చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం నడపడం, లెక్కగా ఆఫీసు పని, చాలా ఇంటరెస్ట్ టెస్టులకి మూలం అదే. సీబీఎస్‌ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి తమన్నా అని ఒక ఆప్టిట్యూడ్ టెస్ట్ తెచ్చాయి, 9, 10 తరగతులకి, భాష, లెక్కలు, మెకానికల్ రీజనింగ్ ఇలా ఏడు కోణాల్లో చూస్తుంది, పాస్ ఫెయిల్ ఉండదు. మంచిదే. కానీ టెస్ట్ ఇచ్చే ముందు మాన్యువల్లో చూడాల్సింది ఒకటుంది, ఈ స్కోరుని ఎవరితో పోల్చి చెప్తున్నారు అని. సిటీలో ఇంగ్లీష్ మీడియం పిల్లల మీద తయారైన టెస్టుని తెలుగు మీడియం పిల్లోడి చేతిలో పెడితే, టైమ్ పెట్టి రాయమంటే, వాడు ప్రశ్న అర్థం చేసుకునేసరికే గంట కొడతారు. తక్కువొచ్చిన ఆ స్కోరు వాడి ఇంగ్లీష్ చదివే స్పీడ్, తెలివికి కొలత కాదు. అది తెలీకుండా "నీకు రీజనింగ్ లేదు" అని రిపోర్టు చేతికిస్తే వాడు జీవితాంతం నమ్ముతాడు. స్కోరు చదవడం నేర్చుకోకుండా టెస్టు కొనొద్దు, దయచేసి.

ఇంకోటి, వేలిముద్రలు తీసుకుని పిల్లాడు ఏమవుతాడో చెప్తాం అనేవాళ్ళు స్కూళ్ళ చుట్టూ తిరుగుతున్నారు, వేలల్లో ఫీజు తీసుకుంటున్నారు. దానికి సైంటిఫిక్ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే చెప్పింది. మీ స్కూల్‌కి వస్తే గేటు దగ్గరే వద్దని చెప్పండి, తల్లిదండ్రులకి కూడా చెప్పండి, కూలి డబ్బులు పెట్టి చేయించుకుంటున్నారు.

సమాచారం సంగతి కూడా. కేంద్రం వాళ్ళ వృత్తుల జాబితా, 2015 నాటిది, దాంట్లో 3,600 దాకా వృత్తులున్నాయి. మన ఇళ్ళల్లో ఎన్ని వినిపిస్తాయి? ఇంజినీరు, డాక్టరు, గవర్నమెంట్ జాబు, ఈ మధ్య సాఫ్ట్‌వేర్. నేను మిమ్మల్ని 3,600 బట్టీ పట్టమనట్లేదు, మీ జిల్లా పిల్లలకి అందేవి తెలుసుకోండి. టెన్త్ తర్వాతే వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా ఉందని నెల్లూరు, తిరుపతి జిల్లాల్లోనే ఎంతమంది టీచర్లకి తెలుసు? విజయవాడ, హైదరాబాద్‌లో సిపెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో ప్లాస్టిక్స్ డిప్లొమా, వ్యవసాయ యూనివర్సిటీల కింద రెండేళ్ళ అగ్రికల్చర్ పాలిటెక్నిక్, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, బాసర ట్రిపుల్ ఐటీల్లో ఆరేళ్ళ కోర్సు, పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాస్తే బీటెక్ సెకండ్ ఇయర్లో నేరుగా చేరొచ్చన్నది, ఇవి చెప్తే చాలామంది తల్లిదండ్రులు "అవునా సార్, ముందు చెప్పేవాళ్ళే లేరు" అంటారు. ఐటీఐకి పోతే పరువు పోతుంది అనుకునే నాన్నకి అక్కడ చదివి స్థిరపడ్డ మనిషిని చూపించండి, పక్క ఊళ్ళోనే ఉంటాడు.

మీరు బయట చెప్పకూడని వాటి గురించి కూడా ట్రైనింగ్ ఇస్తారు, చాలా ముఖ్యం. పిల్ల మీతో చెప్పింది స్టాఫ్‌రూమ్‌లో చెప్పకూడదు, టీ తాగుతూ "ఆ అమ్మాయి ఇంట్లో ఇదంట" అన్నారంటే ఇంక ఆ స్కూల్లో ఏ పిల్లా మీ గది గడప తొక్కదు. కానీ అన్నీ దాచిపెట్టలేం. పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం, 2012 ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే నేరం. చనిపోవాలనిపిస్తోంది అని పిల్ల అంటే ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు, ఇంట్లో వాళ్ళకీ డాక్టర్‌కీ చేర్చాలి, టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, 24 గంటలూ ఉంటుంది, రాసుకోండి. "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, నీ ప్రాణానికి ప్రమాదం ఉంటే మాత్రం ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది" అని మొదటి రోజే చెప్పాలి, తర్వాత చెప్తే మోసం చేసినట్టు అనిపిస్తుంది పిల్లకి. డిప్రెషన్‌కి ట్రీట్‌మెంట్ మన పని కాదు, గుర్తుపట్టి పంపించడం మన పని, ఆ గీత దాటొద్దు.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తా. కేంద్రీయ విద్యాలయాల్లో కౌన్సెలర్లని కాంట్రాక్ట్ మీద తీసుకుంటారు, సిటీల్లో పెద్ద ప్రైవేట్ స్కూళ్ళలో పోస్టులున్నాయి. మన జిల్లా పరిషత్ హైస్కూల్లో రెగ్యులర్ పోస్టు కోసం ఈ కోర్సు చేస్తానంటే ఇప్పటికైతే నేను ఆశ పెట్టలేను. టీచర్‌గా ఉంటూనే ఈ పని నేర్చుకుని చేయండి అంటున్నా. ఎక్కువ అవసరం ఉన్నది అక్కడే, తల్లిదండ్రులు కూలికెళ్ళి, ఇంట్లో కాలేజీ మొహం చూసినవాళ్ళు లేని పిల్లలకి స్కూల్లో టీచర్ తప్ప అడిగే మనిషే ఉండడు. కాబట్టి పోస్టులు పెట్టమని మన సంఘాలు గట్టిగా అడగాలి, కోర్టు తీర్పు కూడా చేతిలో ఉంది, పీఆర్సీ కోసం ఎలా అడుగుతామో అలా అడగాలి.

కోర్సులో చేరేలోపు చేయగలిగింది ఒకటుంది. బయట టేబుల్ మీద ఫారాలు పెట్టించాను, తలా ఒకటి తీసుకెళ్ళండి. కోర్సు పేరు, అర్హత, ఎక్కడుంది, మన ఊరి నుంచి బస్సు ఉందా, చివరి బస్సు ఎన్నింటికి, హాస్టల్ ఉందా, మొత్తం ఖర్చు, మన మండలంలో అది చదివిన మనిషి ఎవరైనా ఉన్నారా, ఇవే గళ్ళు. ఒక్కో కోర్సుకి ఒక్కో ఫారం, స్వయంగా వెళ్ళి అడిగి నింపండి, నెట్‌లో చూసి రాయొద్దు, ఫీజుల దగ్గర తప్పులుంటాయి. ఇంటర్ అడ్మిషన్లు మొదలవకముందే మీ మండలంలో నలుగురు టీచర్లు కూర్చుని ఒకే ఫైల్ చేసుకోండి. ఇంక మీ ప్రశ్నలు అడగండి, వెనక బెంచీల వాళ్ళు ముందు.